బాపు ట్రాలీ తెచ్చిన శనివారం

డిసెంబర్ 28, ఆదివారం

అంతయ్య ఈ వారం కూడా లేచి వెళ్ళిపోయాడు. ప్రభువు బల్లలో పంచే రొట్టె మీది తెల్లగుడ్డ తీయగానే వెనక వరుసలో కుర్చీ కదిలింది. తలెత్తకుండానే తెలిసింది. ఆయన సంఘ పెద్ద. ఈ చర్చి గోడలు లేచేటప్పుడు ఇటుకలు మోసిన మనిషి. ఆడమనిషి ప్రసంగం చెబితే వింటాడు, పాట ఎత్తుకుంటే గొంతు కలుపుతాడు, ఆడమనిషి చేతి రొట్టె మాత్రం తీసుకోడు. జూన్‌లో నేను ఇచ్చోడకు వచ్చినప్పటి నుంచి ఇంతే. నాతో ఒక్కసారీ పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండును. తువ్వాల భుజాన వేసుకుంటాడు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేస్తాడు, పోతాడు. ఆయన వెనక ఇంకో ముగ్గురు.

నాకేం బాధ లేదు. అలవాటైపోయింది.

మధ్యాహ్నం శ్యామల ఫోన్ చేసింది. హైదరాబాద్ జట్టుకు ఆడిన రోజుల్లో మా కెప్టెన్. ఇప్పుడు కరీంనగర్‌లో ఆడపిల్లలకు క్రికెట్ నేర్పుతోంది. పిల్లలు ఎక్కువయ్యారట, వికెట్ కీపింగ్ నేర్పేవాళ్ళు దొరకడం లేదట.

"నువ్వు రావే మహిమా. నీ అసుంటి చేతులు నేను మళ్ల సూడలే," అంది.

నేనిప్పుడు పాస్టర్‌నని గుర్తుచేశాను.

"ఎరికే. పూర్తి పాస్టర్‌వు ఇంక గాలేదు గద. ఏప్రిల్లనే గద నీ అభిషేకం. గందుకే ఇప్పుడడుగుతున్న."

జనవరి ఆఖరులోపు చెప్పాలట. నవ్వాను. చాలాసేపు నవ్వాను. ఫోన్ పెట్టేశాక కూడా నవ్వుతూనే గిన్నెలు తోమాను.

డిసెంబర్ 30

శ్యామలకు కుదరదని చెప్పాలి. రేపు చెబుతాను.

జనవరి 2, శుక్రవారం

బుధ, శుక్రవారాలు వెళ్తున్నట్టే ఇవాళా చంద్రవ్వ దగ్గరికి వెళ్ళాను. అంతయ్య భార్య. కిడ్నీలు చెడిపోయి దసరా నుంచి మంచం దిగలేదు. ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పేశారు. నేను వెళ్ళే వేళకు అంతయ్య ఎప్పుడూ పత్తి చేనులోనే ఉంటాడు. ఆయన లేని వేళ చూసుకుని నేను వెళ్తున్నానో, నేను వచ్చే వేళ చూసుకుని ఆయన వెళ్తున్నాడో తెలియదు.

చంద్రవ్వకు ప్రార్థన కంటే ముందు కావలసింది పక్కకు తిప్పడం. కోడలు పొద్దంతా పత్తి ఏరను పోతుంది, ఒక్కతే ఎన్నని చేస్తుంది. నేను ఆమెను ఒత్తిగిలించి, వీపు మీది పుండ్లు తుడిచి, పౌడరు చల్లి, ఉబ్బిన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తాను. రాస్తుంటే నా చిటికెన వేలు పట్టుకుని చూసింది. అది కొసన పక్కకు వంగి ఉంటుంది. బంతి తగిలి విరిగిందని చెప్పాను. ఆ ఆటలో నువ్వేం చేస్తుంటివి అని అడిగింది. ఆమె క్రికెట్ ఎన్నడూ చూడలేదు. బంతి వేసేవాళ్ళు, కొట్టేవాళ్ళు, కొట్టేవాళ్ళ వెనక గొంతుక్కూర్చుని ఉండే నేను, అన్నీ వివరించాను. కాసేపు ఆలోచించింది.

"అంటె, ఆమె కొడితె నీకు పని లేదు. కొట్టకపోతె నువ్వు పట్టాలె."

అంతే అన్నాను.

"కొడ్తదో కొట్టదో ముందుగాల ఎరికుండదాయె. మరి ప్రతిపారి కూసుండి లేసుడేనా?"

ప్రతిసారీ లేవాల్సిందే అన్నాను.

"దినమంత గుంజిళ్ళే. దానికి సప్పట్లు గొడ్తరా మల్ల?"

పట్టుకుంటే ఎవరూ కొట్టరు, వదిలేస్తే మాత్రం అందరూ చూస్తారు అని చెప్పాను. కడుపు కదిలేలా నవ్వింది, నవ్వు దగ్గయింది. ప్రార్థన చేస్తుంటే మధ్యలో నిద్రపోయింది.

జనవరి 5, సోమవారం

చలి విపరీతంగా ఉంది. బజారుకు వెళ్ళి టెన్నిస్ బంతి కొన్నాను. ఒళ్ళు కాస్త వేడెక్కుతుందని. చర్చి ఇచ్చిన క్వార్టర్ వెనక గోడకు కొట్టి పట్టుకోవడం, అంతే. అవతలి ఇంటి ఎల్లక్క గోడ మీదుగా తొంగి చూసి ఏమైందని అడిగింది. వ్యాయామం అన్నాను. డాక్టరు చెప్పిండా అని అడిగింది. అవునన్నాను.

ఏ డాక్టరు?

జనవరి 9, శుక్రవారం

జాన్సన్ అయ్యగారు వచ్చారు. మా జిల్లా పాస్టర్లందరికీ పెద్ద. ఏప్రిల్‌లో కాన్ఫరెన్స్, అక్కడే నా అభిషేకం. ఈలోగా ఒక కమిటీ నన్ను కూర్చోబెట్టి మాట్లాడుతుంది. అభిషేకం అయ్యాక వెనక్కి తిరగడం ఉండదమ్మా, బాగా ఆలోచించుకుని ఫిబ్రవరి మొదటి వారంలో నీ చివరి మాట చెప్పు అన్నారు. అంతయ్య సంగతి ఆయనకు తెలుసు. ఓపిక పట్టమన్నారు. అందరూ నన్ను ఓపిక పట్టమనే అంటారు, నా దగ్గర అది గోనె సంచిలో పోసి ఉన్నట్టు.

కమిటీ అడగబోయే ప్రశ్ననే ఆయనా అడిగారు. దేవుడు నిన్నెలా పిలిచాడు?

చెప్పాను. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లు. బొగ్గుబావిలో షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా నన్ను సైకిల్ మీద గ్రౌండ్‌కు తీసుకుపోయే బాపు. హైదరాబాద్ జట్టు. తర్వాత సౌత్ జోన్ క్యాంపుకు రమ్మని కబురు. సరిగ్గా ఆ నెలలోనే నన్ను కన్న అవ్వకు కేన్సర్ అని తేలడం. అవ్వ మంచంలో ఉన్నన్నాళ్ళూ మా పాస్టర్ అయ్యగారు రోజూ వచ్చి, ఎక్కువేమీ మాట్లాడకుండా గోడకానుకుని కూర్చోవడం. అవ్వ పోయాక నేను క్యాంపుకు వెళ్ళలేదు. ఆ మనిషి కూర్చున్నట్టు కూర్చోవడం నేర్చుకోవాలనిపించింది. సెమినరీలో చేరాను.

జాన్సన్ అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. బాగా చెప్పావమ్మా అన్నారు.

బాగానే చెప్పాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసినట్టుగా చెప్పాను. ఆయన కారు వెళ్ళిపోయాక అదే కథ గదిలో నాకు నేను చెప్పుకుని చూశాను. ఎవరో తెలిసిన అమ్మాయికి జరిగిన సంగతిలా ఉంది.

ఈ కథలో బాపు తర్వాత ఏమయ్యాడని అయ్యగారు అడగలేదు. నేనూ చెప్పలేదు. అవ్వ బతకాలని బాపు ఉపవాసాలున్నాడు. అవ్వ పోయింది. ఆ నాటి నుంచి చర్చి గడప తొక్కలేదు. నేను సెమినరీకి పోతానన్న రోజు, "ఆమెను గుంజుకున్నది సాలదా?" అన్నాడు. నన్ను కాదు, పైకప్పు వైపు చూసి. తర్వాత నాతో మాటలు లేవు. సెలవులకు వెళ్తే నాకిష్టమైన కూరే వండి పెడతాడు. పెట్టి, అవతలి గదిలో కూర్చుంటాడు.

జనవరి 13

బంతి పగిలింది. ఇంకోటి కొన్నాను.

జనవరి 20, మంగళవారం

ఊరికే చూడడానికి కరీంనగర్ వెళ్ళాను. అంత అభిమానంగా అడిగిన మనిషికి ఫోన్లో కుదరదని చెప్పడం మర్యాద కాదు. ఎదురుగా చెప్పాలి.

నిర్మల్‌లో బస్సు మారి, జగిత్యాల మీదుగా వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. మానేరు డ్యామ్‌కు పోయే దారిలో గ్రౌండ్. శ్యామల జుట్టు సగం నెరిసింది, కేకలు మాత్రం అవే. నన్ను చూడగానే పలకరించకుండా గ్లౌజులు నా మీదికి విసిరింది. వద్దన్నాను. చీర కట్టుకుని ఉన్నానని చెప్పాను. లోపల ట్రాక్ ప్యాంట్లు ఉన్నాయంది.

ఊరికే ఒక్క ఓవర్ అనుకున్నాను.

మొదటి బంతి నా పక్క నుంచే పోయింది. రెండోది మణికట్టు మీద తగిలింది. నవ్వు వినిపించింది, పిల్లలది. మూడోది చేతుల్లోకి వచ్చి కూర్చుంది. ఆ చప్పుడు. అది చెవులతో వినేది కాదు, మోచేతుల దాకా తెలిసేది. ఆ తర్వాత నాకేదీ వరసగా గుర్తు లేదు. స్పిన్ వేసే ఒక పొడుగుపిల్ల బంతి, బ్యాటు పట్టిన అమ్మాయి ముందుకు జరగడం, ఆమె కాలు గీత దాటడం, అంతలోనే బెయిల్స్ కింద పడి ఉండడం. నేనే పడగొట్టాను. అనుకోకముందే చేతులు చేసేశాయి. పిల్లలు పరుగెత్తుకొచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎట్ల చేసినవక్కా, మళ్ల చెయ్యక్కా. పొద్దు వాలే దాకా చేశాను.

తిరుగు బస్సు మెట్లు ఎక్కలేకపోయాను. కండక్టర్ చెయ్యి అందించాడు. చేతులు తోలు వాసన వేస్తున్నాయి. కడుక్కోలేదు. నిర్మల్ దాటే వరకు ఒక్కసారీ ఇచ్చోడ గుర్తు రాలేదు.

శ్యామలకు కుదరదని చెప్పడం మర్చిపోయాను.

జనవరి 21, బుధవారం

బాపు ఫోన్ చేశాడు.

పేరు చూసి, ఎవరికో ఏదో అయిందనుకున్నాను. "బిడ్డా," అన్నాడు. ఆ మాట ఎన్నాళ్ళకు.

"శ్యామల చెప్పింది. గ్లౌజులు తొడిగినవట."

అవునన్నాను.

"చేతులు ఎట్లున్నయి?"

వాచాయన్నాను.

"ఉడుకు నీళ్ళల్ల ఉప్పేసి పెట్టు. ఐసు పెట్టకు. ఐసుతోని గట్టి పడ్తయి."

తర్వాత ఆగకుండా మాట్లాడాడు. కరీంనగర్‌లో ఇల్లు చూడమని తెలిసినవాళ్ళకు చెప్పాడట. కింది ఇల్లు కావాలట, మెట్లెక్కితే ఆయనకు దమ్ము వస్తుందట. బావిలో పీల్చిన బొగ్గు దుమ్ము ఇంకా లోపలే ఉంది. ఇద్దరం ఉందం, పొద్దుగాల నేను టిఫిన్ చేస్త, నువ్వు గ్రౌండ్‌కు పో అన్నాడు. నేను ఇంకా ఒప్పుకోలేదని చెప్పడానికి చోటు ఎక్కడా దొరకలేదు. వెతకలేదేమో కూడా.

ఉప్పు నీళ్ళలో చేతులు పెట్టుకుని, నీళ్ళు చల్లారేదాకా కూర్చున్నాను.

జనవరి 22

ప్రార్థన చేయలేదు. దుప్పట్లు ఉతికాను.

జనవరి 25, ఆదివారం

ఈసారి రొట్టె మీది గుడ్డ తీస్తూ తలెత్తి అంతయ్యనే చూశాను. ఆయనా చూశాడు. ముందు కళ్ళు దించింది ఆయనే. అయినా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం శ్యామలకు వస్తానని చెప్పాను. ఫోన్ అవతల కేక వేసింది, పక్కనున్న వాళ్ళకు చెప్పింది, ఏడ్చింది కూడా.

అంతయ్య వల్ల కాదు. అది స్పష్టంగా రాసి పెట్టుకోవాలి. బాపు వల్ల కూడా కాదు. గ్రౌండ్‌లోనూ దేవుడుంటాడు, పిల్లలకు నేర్పడమూ సేవే. ఇది నిజం. నిజంగా నిజం. వచ్చే ఆదివారం సంఘానికి చెబుతాను, అదే రోజు జాన్సన్ అయ్యగారికి కూడా.

సాయంత్రం హైవే దాకా నడిచాను. కేస్లాపూర్ జాతర నుంచి తిరిగిపోయే ఎడ్లబండ్లు ఒకదాని వెనక ఒకటి. చాలాసేపు నిలబడి చూశాను. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాను. కాళ్ళు ఒకచోట ఉండడం లేదు.

జనవరి 28, బుధవారం

చంద్రవ్వకు చెప్పాను. చెప్పకుండా పోవడం మనసొప్పలేదు. వచ్చే వారం నుంచి వేరేవాళ్ళు రావచ్చన్నాను. బదిలైందా అని అడిగింది. కాదు, నేనే పోతున్నానన్నాను. పిలగాడు దొరికిండా అని అడిగింది. నవ్వి, ఆట నేర్పడానికని చెప్పాను.

కాళ్ళకు నూనె రాయడం అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి రాశాను.

"నీ వెనుక వచ్చేది మొగాయనేనా?" అంది చివరికి.

కావచ్చన్నాను.

"మొగాయన పార్థన మంచిగనే జేస్తడు. గని, నన్ను పక్కకు తిప్పుతడా?"

ఆమే నా చెయ్యి తట్టింది. పో బిడ్డ, కాళ్ళల్ల బలమున్నప్పుడే పోవాలె అంది.

అప్పుడే అంతయ్య చేను నుంచి వచ్చాడు, ఎన్నడూ లేనిది. గడపలో ఆగాడు. నా ఒళ్ళో ఉన్న ఆమె కాళ్ళను, నూనె గిన్నెను చూశాడు. లోపలికి రాలేదు. వెనక్కి తిరిగి పశువుల కొట్టం వైపు వెళ్ళాడు. నేను వచ్చేటప్పుడు ఎద్దుకు నీళ్ళు పెడుతున్నాడు. బకెట్ నిండి పొర్లుతోంది, ఆయన చూడలేదు.

ఫిబ్రవరి 1, ఆదివారం మధ్యాహ్నం

నిన్న జరిగింది వరసగా రాయాలి, లేకపోతే తర్వాత ఇది కూడా చెప్పి చెప్పి అరిగిన కథ అయిపోతుంది.

పొద్దున్నే క్వార్టర్ ముందు ట్రాలీ ఆటో ఆగింది. దిగింది బాపు. సామాను కోసం వచ్చే బుధవారం వస్తానన్న మనిషి. నడుపుతున్నది ఇస్తారి మామ, బావిలో బాపుతో కలిసి పని చేసినాయన. బాపు గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇంత తొందరేమిటని అడిగాను.

"రేపు గుడిల జెప్తవ్. జెప్పినంక ఎవలో ఒకలు ఏడుస్తరు. నువ్వు ఆగిపోతవ్. సామాను ఇయ్యాల్నే ఎక్కిద్దాం," అన్నాడు.

ఆయన నన్నెంత బాగా ఎరుగునో అప్పుడు తెలిసింది. ఉప్మా చేసి పెట్టాను. తిన్నాడు, ఉప్పు తక్కువైందన్నాడు, ఇస్తారి మామ ఏదో అంటే పగలబడి నవ్వాడు. మంచం, పుస్తకాల పెట్టెలు, గ్యాస్ పొయ్యి. వద్దంటే వినకుండా తనే మోశాడు. ఒక్కో పెట్టె ఎక్కించి, ట్రాలీకి చెయ్యి ఆనించి, ఊపిరి అందేదాకా నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చేవాడు. ఎల్లక్క గోడ మీదుగా చూస్తూనే ఉంది. ఏమీ అడగలేదు.

అంతా ఎక్కించాక అంతయ్య కోడలు వచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు.

"అత్త పోయింది పాస్టరమ్మా."

నేను ఉన్నపళంగా ఆమె వెంట వెళ్ళాను. వెనక నుంచి బాపు పిలిచాడు. ఏమన్నాడో వినలేదు.

అంతయ్య మంచం కొసన కూర్చుని చంద్రవ్వ చీలమండ పట్టుకుని ఉన్నాడు. వాకిట్లో మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఆదిలాబాద్ చర్చి పాస్టర్ గారిని పిలుద్దామని ఒకరు ఫోన్ చేశారు. ఆయన సాయంత్రం ఒక పెళ్ళి జరిపించాలట, రేపు ఆరాధన అయ్యాక వస్తానన్నాడు. అయితే ఐసు పెట్టె తెప్పిద్దాం, ఒక్క రాత్రే కదా అని ఇంకొకరు అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. ఆడవాళ్ళతో లోపలికి వెళ్ళాను.

స్నానం చేయించాం. అలవాటుగా ఆమెను పక్కకు తిప్పాను. వీపు తుడిచి పౌడరు చల్లాను. ఇప్పుడెందుకమ్మా పౌడరు అంది ఒక ముసలామె. నా చెయ్యి ఆగలేదు. డబ్బా అయిపోయేదాకా చల్లాను.

చీర కట్టడం అయ్యాక అంతయ్య గడప దగ్గరికి వచ్చాడు. మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

"ఐసుల పెట్టద్దు. ఆమెకు సలి పడది," అన్నాడు. కాసేపటికి, "ఇయ్యాల్నే చెయ్యాలె. నువ్వే చెయ్యి పాస్టరమ్మా," అన్నాడు.

వాకిట్లో ఫోన్ పట్టుకున్న మనిషి దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

బొంద తవ్వడానికి మనుషులు లేరు. వాకిట్లో ఉన్నది ఎక్కువగా ముసలివాళ్ళు, మిగతా అందరూ పత్తి చేలలో ఉన్నారు. ఇద్దరు పడుచువాళ్ళను పంపాం. వాగు ఒడ్డున సమాధుల తోట. పైన ఎండి బిగిసిన నల్లరేగడి, కింద మొరం. పొద్దు గూకేలోగా అవుతుందో లేదో చూడ్డానికి నేనే వెళ్ళాను.

కంచె పక్కన ట్రాలీ ఉంది, నా మంచంతో సహా. అద్దానికి బాపు ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది. బాపు బొందలో ఉన్నాడు. నడుము లోతు. బనియన్ మీద, గడ్డపార పట్టుకుని. దాన్ని పైకెత్తి కొట్టడం లేదు, భుజం దాటనివ్వకుండా పొట్టిగా, తల పైన బొగ్గుబావి కప్పు ఉన్నట్టే పొడుస్తున్నాడు. కాసేపు తవ్వి మట్టిగోడకు ఆనుకుంటాడు, ఊపిరి ఈల వేస్తుంది, మళ్ళీ తవ్వుతాడు. నన్ను వెతుక్కుంటూ బయల్దేరి, దారిలో సంగతి విని ఇటు వచ్చాడట. అంతయ్య కొడుకు పైన నిలబడి, ఇగ రా పెద్దనాయినా, మేం తవ్వుతం అని బతిమాలుతున్నాడు.

బాపు, పైకి రా, నీకు దమ్ము లేస్తది అన్నాను.

"నువ్వు నీ పని సూస్కో బిడ్డ," అన్నాడు. కోపంగా కాదు.

ఇంటి నుంచి వాగు దాకా దూరం. శవపెట్టె తేవడానికి ఇంకో బండి లేదు. ఇస్తారి మామ నన్ను అడగకుండానే నా సామాను కంచె పక్కన దించాడు. మంచం, పుస్తకాలు, పొయ్యి అక్కడే గడ్డిలో ఉన్నాయి. అదే ట్రాలీలో చంద్రవ్వ వచ్చింది.

పుస్తకం తెరిచి చదివాను. నడుమ ఒకచోట ఆగిపోయాను. ఎవరూ కదల్లేదు. వాళ్ళకు తొందర లేదు. నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా అందరూ అట్లాగే నిలబడి ఉన్నారు. మా అవ్వ మంచం పక్కన ఆ అయ్యగారు కూర్చున్నప్పుడు ఇట్లాగే ఉండేది. అప్పుడు నేను మంచం ఇవతల ఉన్నాను.

బాపు బొంద అవతల నిలబడ్డాడు, నడుము దాకా మట్టితో. పాట పాడలేదు. తల వంచలేదు. అంతయ్య మన్ను వేశాక, కొడుకు, కోడలు వేశాక, బాపు కూడా వంగి పిడికెడు తీసుకుని వేశాడు.

ఈ ఉదయం సంఘానికి ఏమీ చెప్పలేదు. ఆరాధన జరిపాను. రొట్టె మీది గుడ్డ తీశాను. భార్యను మట్టి చేసిన మరునాడు కూడా అంతయ్య వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. లేచాడు, తువ్వాల భుజాన వేసుకున్నాడు, బయటికి వెళ్ళాడు. కానీ ఇంటికి పోలేదు. మెట్ల మీద కూర్చున్నాడు, అప్పటికే అక్కడ టీ తాగుతున్న బాపు పక్కన. కిటికీలోంచి రెండు వీపులు కనిపించాయి. ఆరాధన అయ్యేదాకా అక్కడే ఉన్నారు.

తర్వాత ఇస్తారి మామ, ఏం చేద్దాం అన్నట్టు నా మొహం చూశాడు. నిన్న పొద్దుపోయాక గడ్డిలోంచి మళ్ళీ ఎక్కించిన సామాను ట్రాలీలోనే ఉంది. నేను ఏదో అనబోయాను. బాపు లేచి మంచం ఒక పక్క పట్టుకున్నాడు. "పట్టు ఇస్తారి," అన్నాడు. లోపలికి తెచ్చి ఇదివరకు ఉన్నచోటే వేశాడు.

వెళ్ళేముందు ఒక మాటన్నాడు. అది ఇవాళ రాయలేను.

ఫిబ్రవరి 2, సోమవారం

శ్యామలకు రానని చెప్పాను. మంచిది అంది. ఇగ మళ్ల అడగ అంది. అది బెదిరింపు కాదు, నిజం. పెట్టేసింది. పొడుగుపిల్ల గుర్తొచ్చింది. ఆమె బంతి ఎటు తిరుగుతుందో నాకు తెలుసు, వెనక కూర్చునే అమ్మాయికి చెప్పేవాళ్ళు లేరు.

జాన్సన్ అయ్యగారికి కూడా ఫోన్ చేశాను. అభిషేకానికి సిద్ధమేనన్నాను. పిలుపు స్పష్టంగా ఉంది కదమ్మా అన్నారు. లేదయ్యగారూ అన్నాను. వెళ్ళిపోదామని సామాను కూడా ఎక్కించానని చెప్పాను. కమిటీ ముందు ఈసారి ఇదే చెబుతానన్నాను. చెప్పు, విందాం అన్నారు.

చేతులు దురద పెడుతూనే ఉన్నాయి. ఇది తగ్గేది కాదనుకుంటాను.

ఫిబ్రవరి 4, బుధవారం

ఇవాళ చంద్రవ్వ దగ్గరికి వెళ్ళే రోజు. నూనె సీసా సంచిలో పెట్టుకున్నాక గుర్తొచ్చింది.

బాపు అన్న మాట రాస్తాను.

ట్రాలీలో ఇస్తారి మామ పక్కన ఎక్కి కూర్చున్నాడు. నేను తలుపు వెయ్యబోతే ఆపాడు.

"మీ అవ్వను మట్టిల పెట్టిన నాడు నేను గేటు కాన్నే నిలవడ్డ. లోపటికి రాలే. ఎరికనా నీకు?"

నాకు తెలియదు. ఆ రోజు నేనెవరినీ చూడలేదు.

"ఆమెకు ఒక్క పిడికెడు మన్ను పొయ్యలే నేను," అన్నాడు. ముందున్న అద్దంలోంచి హైవే వైపు చూస్తున్నాడు. ఊపిరి నిదానంగా పీల్చుకున్నాడు. "గుడికి మాత్రం రాను బిడ్డ. ఆయనతోని నా పంచాయితి ఇంక తెగలే. గని, నా మట్టికి నువ్వే రావాలె. ఏడున్నా రావాలె. ఇంకెవ్వరద్దు."

అవన్నీ ఇప్పుడెందుకు అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. అనలేదు.

వస్త బాపు అన్నాను.

తల ఊపాడు. ఇస్తారి మామ బండి తీశాడు. హైవే ఎక్కి మలుపు తిరిగేదాకా బాపు చెయ్యి కిటికీ బయటే ఉంది. గోళ్ళలో నల్లమట్టి ఇంకా పోలేదు.